విమానం ఎగురుతుంది సరే, దాని సంసారం ఎగరాలి కదా

వరంగల్ దగ్గరి మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతి వచ్చింది. రన్‌వే పొడిగింపుకు కావాల్సిన 253 ఎకరాల సేకరణకు రాష్ట్ర ప్రభుత్వం అంతకుముందే 205 కోట్లు మంజూరు చేసింది. అప్పటి నుంచి ఓరుగల్లు చాయ్ హోటళ్లలో ఒక మాట తిరుగుతోంది: "ఇగ యుద్ధమొస్తే రాఫెల్ గూడ మన మామునూర్ల దిగుతది."

దిగుతుంది. అందులో అనుమానం లేదు. కానీ దిగడం చిన్న పని. దిగిన విమానం ఇంధనం నింపుకుని, ఆయుధాలు తగిలించుకుని గంటా గంటన్నరలో మళ్లీ లేవాలి. సాయంత్రం ఇంకోసారి లేవాలి. తెల్లారి మళ్లీ. మూడో రోజు ఒక టైరు అరిగిపోతుంది, ఒక రేడియో మొరాయిస్తుంది. అప్పుడు ఆ టైరు ఎక్కడిది, మార్చే మనిషి ఎవరు, రేడియో విప్పే పానా ఏ లారీలో ఉంది? ఎజైల్ ఎయిర్‌ఫోర్స్, ఎక్స్‌పెడిషనరీ ఎయిర్‌ఫోర్స్ అన్న పెద్ద పెద్ద మాటలన్నీ చివరికి ఈ పానా దగ్గరికే వస్తాయి.

ముందు ఆ రెండు మాటల సంగతి. ఎజైల్ అంటే చోటు మార్చుకుంటూ ఉండగలగడం. పొద్దున ఒక బేస్ నుంచి లేచి, మధ్యాహ్నం ఇంకో చిన్న రన్‌వే మీద దిగి, శత్రువు మిసైల్ వచ్చేసరికి అక్కడ కూడా లేకుండా పోవడం. అమెరికా వైమానిక దళం దీనికి ఎజైల్ కంబాట్ ఎంప్లాయ్‌మెంట్ అని పేరు పెట్టి 2021 డిసెంబర్‌లో సిద్ధాంత పత్రం విడుదల చేసింది. ఎక్స్‌పెడిషనరీ అంటే ఇంకా దూరం పోవడం. మన గడ్డ కాని చోటుకు మూటాముల్లె సర్దుకుని వెళ్లి, అక్కడే వంట వండుకుని యుద్ధం చేయడం. రెంటినీ ఒకే గాటన కడతారు గానీ, నా దృష్టిలో మొదటిది మనకు అవసరం, రెండోది మోజు.

అవసరం ఎందుకంటే, విమానాలన్నీ ఒక్కచోట నిలబెడితే ఏమవుతుందో 1965 సెప్టెంబర్ 6 సాయంత్రం పఠాన్‌కోట్‌లో చూశాం. పాకిస్తాన్ సేబర్ ఫైటర్లు ఒకే దాడిలో నేల మీదున్న మన విమానాలను పది దాకా కాల్చేశాయి. రెండేళ్లకు, 1967 జూన్ 5 పొద్దున, ఇజ్రాయెల్ దాడిలో ఈజిప్టు వైమానిక దళంలో పెద్ద భాగం ఎగరకుండానే బూడిదైంది. 1971 డిసెంబర్ మొదటి వారంలో మన మిగ్-21లు ఢాకా తేజ్‌గావ్ రన్‌వే మీద 500 కేజీల బాంబులు దించాయి. మిగిలిన సేబర్లు చెక్కుచెదరకుండా ఉండి కూడా పనికి రాకుండా పోయాయి, లేవడానికి రోడ్డే లేదు కాబట్టి. 2025 మేలో పాకిస్తాన్‌లోని రహీం యార్ ఖాన్ రన్‌వే మీద పడ్డ గుంత ఫొటో చాలామంది చూసే ఉంటారు.

మన ఓరుగల్లు సరిహద్దులకు వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంది కదా, ఇక్కడ ఏ భయం లేదు అనుకునేవాళ్లు 2025 జూన్ 1 గుర్తుచేసుకోవాలి. ఉక్రెయిన్ 117 డ్రోన్లను లారీల్లో పెట్టి రష్యా లోపలికి తోలింది. యుద్ధభూమికి వేల కిలోమీటర్ల దూరంలో, ఆరుబయట వరుసగా నిలబెట్టిన బాంబర్లను తగలబెట్టింది. దూరం కాపాడే రోజులు పోయాయి. అదే ఉక్రెయిన్ విమానాలు 2022 ఫిబ్రవరి నుంచి ఇన్నేళ్లు బతికి ఉన్నాయంటే, ఒకచోట రెండు రాత్రులు నిద్రపోకపోవడం అందులో పెద్ద కారణం.

సరే, చెదరగొడదాం. నాలుగు సుఖోయ్-30లను మామునూరు లాంటి చోటుకు పంపామనుకోండి. కాగితం మీద లెక్క వేద్దాం.

సుఖోయ్ లోపలి ట్యాంకుల్లో 9 టన్నులకు పైగా ఇంధనం పడుతుంది. ప్రతిసారీ అడుగంటా వాడి రారు, అంచు దాకా నింపరు. కాబట్టి సార్టీకి, అంటే ఒకసారి లేచి పని చేసి దిగడానికి, 7 టన్నులు వేసుకుందాం. నాలుగు విమానాలు, రోజుకు మూడు సార్టీలు: 84 టన్నులు. విమాన ఇంధనం లీటరు సుమారు 0.8 కేజీ తూగుతుంది. అంటే లక్షా 5 వేల లీటర్లు. రోడ్డు మీద తిరిగే ట్యాంకర్ 20 వేల లీటర్లది. రోజుకు ఆరు ట్యాంకర్లు రావాలి, ఆరు వెనక్కి పోవాలి. ఇది నాలుగంటే నాలుగు విమానాల ఖర్చు.

ట్యాంకర్ వచ్చి నిలబడగానే పైపు తగిలించడానికి అది పెట్రోల్ బంక్ కాదు. రోడ్డు ట్యాంకర్ నుంచి నేరుగా ఫైటర్‌కు నింపరు. మధ్యలో ఫిల్టర్, నీటిని వేరుచేసే సెపరేటర్, మీటర్, సరైన ప్రెషర్ ఇచ్చే పంపు ఉన్న బౌజర్ అనే బండి కావాలి. కుదుపుల మీద వచ్చిన ఇంధనం కాసేపు స్థిరపడాలి. అడుగు నుంచి గాజు జాడీలోకి శాంపిల్ తీసి, తేటగా మెరుస్తోందో లేదో చూసి, నీటి జాడ పట్టే క్యాప్సూల్ పరీక్ష చేయాలి. వానకాలంలో ఈ మెట్టు దాటవేస్తే నీళ్లు ట్యాంకులోకి పోయి, పైన చలికి గడ్డకట్టి, ఫిల్టర్ దగ్గర అడ్డం పడతాయి. నింపేటప్పుడు బౌజర్‌కూ విమానానికీ మధ్య స్టాటిక్ కరెంటు పోగుపడకుండా బాండింగ్ వైరు తగిలించాలి. మే నెల ఎండలో, పొడిగాలిలో ఆ వైరు మర్చిపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే బౌజర్ రెండుంటే ఒకటి ఉన్నట్టు, ఒకటుంటే అసలు లేనట్టు లెక్క. పంపు సీల్ పోతే నాలుగు విమానాలూ బొమ్మల్లా నిలబడతాయి.

తర్వాత ఆయుధాలు. సార్టీకి విమానానికి 4 టన్నులు అనుకున్నా రోజుకు 48 టన్నులు. సీ-130జె రవాణా విమానం ఒక ట్రిప్పుకు దాదాపు 19 టన్నులు మోస్తుంది, అంటే ఒక్క బాంబుల కోసమే రోజుకు మూడు ట్రిప్పులు. లేదా దానికన్నా పెద్ద రవాణా విమానం సీ-17 ఒకటి, అది 77 టన్నుల దాకా ఎత్తుతుంది. ఆ సీ-17లు మన దేశం మొత్తానికి 11. లడాఖ్‌కు సైన్యాన్ని చేరవేసేదీ అవే, విదేశాల్లో చిక్కుకున్నవాళ్లను తెచ్చేదీ అవే. వాటిని మామునూరుకు బాంబుల సరఫరాకు పెడతారా? పెట్టరు. రోడ్డు మీదో, కాజీపేట దాకా రైల్లోనో రావాలి. అంటే యుద్ధానికి ముందే వచ్చి, మట్టికట్టల మధ్య, జనావాసానికి దూరంగా దాచి ఉండాలి. అప్పుడు అది తాత్కాలిక స్థావరం కాదు, చిన్న సైజు పర్మినెంట్ బేస్. ఎజైల్ అన్న మాటలోని మొదటి కిటుకు ఇదే: తేలికగా కదలాలంటే బరువైన సామాను అప్పటికే అక్కడ ఉండాలి.

ఇంధనం, బాంబులు పెద్ద లెక్కలు కాబట్టి అందరూ పట్టించుకుంటారు. అసలు కొంప ముంచేవి చిన్నవి. సుఖోయ్, తేజస్ రెండూ దిగేటప్పుడు వెనక బ్రేక్ పారాచ్యూట్ విప్పుతాయి, దళంలో దాన్ని టెయిల్ చ్యూట్ అంటారు. రన్‌వే చివర దాన్ని వదిలేసి విమానం పక్కకు తిరుగుతుంది. జీపులో ఒకరు వెళ్లి తెచ్చుకోవాలి. తడిస్తే ఆరబెట్టాలి, చిరుగులు కాలిన మచ్చలు చూడాలి, శుభ్రమైన పొడవాటి బల్ల మీద పరిచి చేత్తో మడవాలి. ఆ బల్ల, ఆ గది, ఆ మడిచే మనిషి చిన్న రన్‌వే దగ్గర ఉండరు. కాబట్టి మడిచినవే తీసుకుపోవాలి. నాలుగు విమానాలు, మూడు సార్టీలు, రెండు రోజులు: 24. అవి అయిపోతే బ్రేకుల మీదే ఆపాలి. బ్రేకులు ఎర్రగా కాలతాయి, చల్లారేదాకా విమానం దగ్గరికి ఎవరినీ పోనివ్వరు, టైర్లు చాలా త్వరగా అరుగుతాయి. చ్యూట్ లేని చోట మొదట అయిపోయేది టైర్ల స్టాకు.

ఇంకా ఉన్నాయి. టైర్లకు, దిగేటప్పుడు కుదుపు మింగే ఓలియో కాళ్లకు కొట్టే నైట్రోజన్ సిలిండర్ల ట్రాలీ. విమానాన్ని నేల మీద కరెంటిచ్చి బతికించే 400 హెర్ట్జ్ గ్రౌండ్ పవర్ యూనిట్, దానికి డీజిల్. హైడ్రాలిక్ నూనె, ఇంజిన్ ఆయిల్. జాకీలు, విమానాన్ని లాగే టో బార్. టో బార్ ఒక్కో రకం విమానానికి ఒక్కోటి, సుఖోయ్‌ది తేజస్‌కు పట్టదు. ఫైర్ టెండర్, దానికి నురుగు ద్రావణం. పైలట్ల సూట్లు, హెల్మెట్లు పరీక్షించే కిట్. ఇవన్నీ ప్యాలెట్ల మీద కట్టాలి. మన సీ-130జెలో 8 ప్యాలెట్లు పడతాయి, సీ-17లో 18. కట్టడంలోనూ వరస ఉంది. అక్కడ దిగగానే ముందు కావాల్సింది చివర ఎక్కించాలి. ఈ ఒక్క విషయం తప్పితే నాలుగు విమానాలు వచ్చి నిలబడి ఉంటాయి, పవర్ యూనిట్ మాత్రం ప్యాలెట్ల గుట్ట అడుగున ఉంటుంది. పేలుడు పదార్థాలు, ఆక్సిజన్, బ్యాటరీలు ఒకే కంపార్ట్‌మెంట్లో కలపకూడదన్న నిబంధన ఉంది కాబట్టి "ఒక్క విమానంలో అంతా పట్టేస్తుంది" అన్న లెక్క ఎప్పుడూ ఒకటిన్నర అవుతుంది.

అమెరికావాళ్లు ఎఫ్-22లతో ర్యాపిడ్ రాప్టర్ అని చేశారు: నాలుగు ఫైటర్లు, వాటి వెంట ఒక సీ-17, అందులోనే మనుషులు, సామాను. బాగుంటుంది. ఒకటి రెండు రోజులు నడుస్తుంది కూడా. కానీ ఆ నాలుగు విమానాలకు ఒక సీ-17 రాసిచ్చినట్టే. మనం పది చోట్లకు చెదరగొడితే పది సీ-17లు. ఉన్నవి 11 అని ఇప్పుడే చెప్పుకున్నాం.

ఈ పని నిజంగా చేసి చూపించినవాళ్లు స్వీడన్‌వాళ్లు. ప్రచ్ఛన్న యుద్ధం నాటి బాస్ 90 పద్ధతిలో 800 మీటర్ల పొడవు, 17 మీటర్ల వెడల్పు ఉన్న రోడ్డు ముక్కల మీద నుంచి ఫైటర్లను నడిపారు. గ్రిపెన్‌ను తయారుచేసేటప్పుడే షరతు పెట్టారు: ఒక సాంకేతిక నిపుణుడు, ఐదుగురు నిర్బంధ సైనిక సేవ కుర్రాళ్లు కలిసి పది నిమిషాల్లో గగనతల పోరాటానికి మళ్లీ సిద్ధం చేయాలి. పానెల్స్ నేల మీద నిలబడే అందేలా, ఇంధనం గొట్టం ఒక్క దగ్గరే తగిలేలా, నిచ్చెనలు అక్కర్లేకుండా గీశారు. అంటే ఎజైల్‌నెస్ విమానం డ్రాయింగ్ బోర్డు మీద ఉన్నప్పుడే పుట్టింది. సుఖోయ్‌ను అలా గీయలేదు. 38 టన్నుల పైచిలుకు విమానం, రెండు ఇంజిన్లు, పెద్ద బేస్ పక్కన ఉంటుందన్న ధీమాతో పుట్టిన మనిషి అది. దాన్ని పల్లెకు తీసుకొచ్చి చాప మీద పడుకోమంటే నడుం పడుతుంది. మన దగ్గర ఈ పనికి దగ్గరగా వచ్చేది తేజస్. లోపలి ఇంధనం రెండున్నర టన్నుల లోపు. పైన వేసిన లెక్కనే తేజస్‌కు వేస్తే, సార్టీకి రెండు టన్నుల చొప్పున నాలుగింటికి రోజుకు 24 టన్నులు, 30 వేల లీటర్లు. ఆరు ట్యాంకర్ల చోట రెండు. చెదరగొట్టే పని ఏ విమానంతో మొదలుపెట్టాలో ఈ ఒక్క అంకె చెబుతుంది.

మనుషుల సంగతి విమానాలకన్నా కష్టం. మన దళంలో ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్ వేరు, ప్రొపల్షన్ (ఇంజిన్) ఫిట్టర్ వేరు, ఎలక్ట్రికల్ వేరు, వెపన్ ఫిట్టర్ వేరు. ఒకరి పని మీద ఇంకొకరు సంతకం పెట్టరు, పెట్టకూడదు కూడా, భద్రత దాని మీదే నిలబడింది. నాలుగు విమానాలకు ఈ ట్రేడులన్నీ రెండు షిఫ్టుల్లో పంపితే, వాళ్లకు వంటవాళ్లు, కాపలా, డాక్టర్, రేడియో మనుషులు కలిపితే వంద మంది దాటిపోతారు. ఒక్కొక్కరు రెండు మూడు పనులు చేయగలిగితేనే ఈ సంఖ్య నలభైకి, యాభైకి దిగుతుంది. ఇంజిన్ మనిషి ఇంధనం నింపాలి, ఎలక్ట్రీషియన్ బాంబు ట్రాలీ పట్టాలి, డ్రైవర్ తుపాకీ పట్టి కాపలా కాయాలి. దానికి శిక్షణ కావాలి, శిక్షణకు ఏళ్లు కావాలి. ఇక్కడే నాకు అగ్నివీర్ పథకం అడ్డంగా కనిపిస్తుంది. నాలుగేళ్లకు వచ్చిన కుర్రాడు తన ఒక్క ట్రేడు చేతికి పట్టించుకునేసరికే సగం కాలం అయిపోతుంది. రెండో పని నేర్చేసరికి నలుగురిలో ముగ్గురు ఇంటికి పోతారు. స్వీడన్ కుర్రాళ్లతో నడిపింది కదా అంటారు. నడిపింది, విమానం అందుకు తగ్గట్టు ఉంది కాబట్టి. సుఖోయ్ పెట్టుకుని, నాలుగేళ్ల కుర్రాళ్లతో, మల్టీ ట్రేడ్ అంటే మూడు కాళ్ల పీటలో రెండు కాళ్లు లేనట్టే.

ఎక్కడి దాకానో ఎందుకు, ఈ పద్ధతి మన దగ్గరే రెండేళ్లకోసారి చూస్తాం. మేడారం జాతరకు ఆర్టీసీ అడవిలో తాత్కాలిక బస్టాండ్ కడుతుంది. క్యూలైన్లు, డ్రైవర్ల విశ్రాంతికి షెడ్లు, మెకానిక్కులు, స్పేర్ టైర్లు, చెడిన బస్సును పక్కకు లాగే క్రేన్. వేల బస్సులు వచ్చిపోతాయి, వారం తిరిగేసరికి అక్కడ ఏమీ ఉండదు. ఎక్స్‌పెడిషనరీ అంటే అచ్చంగా అదే. కానీ రెండు తేడాలున్నాయి. జాతర తేదీ నెలల ముందే తెలుస్తుంది, ఎవరూ క్యూలైన్ల మీద మిసైల్ వేయరు. ఇంకోటి, జాతర నాలుగు రోజులు ఊళ్లలో బస్సు దొరకదు. మన ఫైటర్ స్క్వాడ్రన్లు, అంటే యుద్ధ విమానాల దళాలు, ఉండాల్సినవి 42. 2025 సెప్టెంబర్ 26న చివరి మిగ్-21లు వెళ్లిపోయాక మిగిలినవి 29. జాతరకు పంపడానికి డిపోలో బస్సులు తక్కువున్నప్పుడు ఏ రూటు రద్దు చేయాలన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు హైవేల మీదికి వద్దాం, జనానికి బాగా నచ్చే భాగం ఇదే. 2015 మే 21న యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మిరాజ్-2000 దిగింది. 2021 సెప్టెంబర్ 9న రాజస్థాన్ బాడ్‌మేర్ దగ్గర జాతీయ రహదారి 925ఏ మీద 3 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో ఎమర్జెన్సీ స్ట్రిప్ మొదలైంది. రెండు చివర్లా విమానాలు నిలపడానికి ఒక్కోటి 40 మీటర్లకు 180 మీటర్ల ఏప్రాన్లు కూడా కట్టారు. ఆంధ్రాలో కొరిశపాడు దగ్గర 16వ జాతీయ రహదారి మీద 4.1 కిలోమీటర్లది ఉంది. 2024 మార్చి 18న అక్కడ ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి లేచాయి. సుఖోయ్‌లు, హాక్ శిక్షణ జెట్లు చక్రాలు ఆనించకుండా తక్కువ ఎత్తులో వచ్చి లేచిపోయాయి. 2025 మేలో ఉత్తరప్రదేశ్ షాజహాన్‌పూర్ దగ్గర గంగా ఎక్స్‌ప్రెస్‌వే మీది 3.5 కిలోమీటర్ల స్ట్రిప్‌కు రాత్రి దిగే ఏర్పాటు కూడా వచ్చింది.

మరి మన 163 మీద, 563 మీద, ఆదిలాబాద్ పోయే 44 మీద ఎందుకు వద్దు? తిన్నగా మూడు కిలోమీటర్ల రోడ్డు వెతకడం కష్టం కాదు. మిగతావే కష్టం. డివైడర్ తీసేయగలిగేది కావాలి. కరెంటు స్తంభాలు, బోర్డులు, గ్రామం క్రాసింగులు ఉండకూడదు. దిగే దారిలో అడ్డాలు యాభైకి ఒకటి వాలు దాటకూడదని లెక్క. అంటే 20 మీటర్ల తాటిచెట్టు రోడ్డు ముక్క చివర నుంచి కనీసం కిలోమీటర్ అవతల ఉండాలి. మన దగ్గర తాటిచెట్టు లేని కిలోమీటర్ చూపించండి. మామూలు తారురోడ్డు పైపొర కూడా పనికిరాదు. విమాన ఇంధనం ఒలికితే తారు కరిగి కంకర లేస్తుంది, జెట్ మంట తగిలినచోట పొర ఊడిపోతుంది. అందుకే విమానం నిలబడి ఇంజిన్ పెంచే చివరలు, ఇంధనం నింపే చోటు సిమెంట్ కాంక్రీట్‌లో ఉండాలి.

ఊడిన ఆ చిన్న రాయే ఫైటర్‌కు పెద్ద శత్రువు. ఇంజిన్‌లోకి పోతే బ్లేడ్లు దెబ్బతింటాయి. సుఖోయ్‌కు గాలి ద్వారాల దగ్గర జాలీ ఉంది, నేల మీద కొంత కాపాడుతుంది. తేజస్‌కు, రాఫెల్‌కు అలాంటి జాలీ లేదు. అక్టోబర్, నవంబర్‌లలో మన రోడ్ల మీద సగం లేను మక్కలు, వడ్లు ఆరబోసి ఉంటాయి, పక్కన రాళ్లు వరసగా పేర్చి ఉంటాయి. రైతును తప్పు పట్టడానికి లేదు, కల్లం లేకపోతే ఎక్కడ పోస్తాడు? కానీ స్ట్రిప్ ప్రకటించిన చోట ముందు కల్లాలు కట్టించాలి, తర్వాత పోలీసును పెట్టాలి. గింజలున్న చోటికి పక్షులొస్తాయి, పక్షి రాయికన్నా పెద్ద ముప్పు. రోడ్డు మూసిన తర్వాత స్వీపర్ యంత్రం రెండుసార్లు తిరగాలి, ఆ తర్వాత మనుషులు భుజం భుజం కలిపి మొత్తం నడిచి ఏరాలి. మూడు కిలోమీటర్లకు యాభై మంది ఉన్నా గంట పడుతుంది. కుక్కలకు కంచె కావాలి.

ఎండ సంగతి ఎవరూ మాట్లాడరు. వేడికి గాలి పలచబడుతుంది, విమానం లేవడానికి ఎక్కువ రన్‌వే కావాలి. రన్‌వే పొడవు ప్రామాణిక ఉష్ణోగ్రత మీద లెక్కగట్టి, ఆపై ప్రతి డిగ్రీకి ఒక శాతం, ప్రతి 300 మీటర్ల ఎత్తుకు ఏడు శాతం కలపాలన్నది పౌర విమానయానంలో వాడే ప్లానింగ్ సూత్రం. వరంగల్ సముద్రమట్టానికి సుమారు 270 మీటర్ల ఎత్తు. అక్కడ ప్రామాణిక ఉష్ణోగ్రత 13 డిగ్రీల చిల్లర. మేలో మధ్యాహ్నం 43 ఉంటుంది. తేడా 30. ప్రామాణిక స్థితిలో 2,000 మీటర్లు కావాల్సిన విమానానికి ఎత్తు కలిపి 2,126, ఎండ కలిపి 2,760 మీటర్లు. యుద్ధ విమానానికి ఇంజిన్ బలం ఒక్కసారిగా పెంచే ఆఫ్టర్‌బర్నర్ ఉంది కాబట్టి లెక్క కొంత మారుతుంది గానీ దిశ మారదు. బాంబులో ఇంధనమో తగ్గించుకోవాలి, లేదా తెల్లవారుజామున, రాత్రి లేవాలి. రాత్రి లేవాలంటే లైట్లు, లైట్లకు జనరేటర్, జనరేటర్‌కు డీజిల్. చూశారా, మళ్లీ ట్యాంకర్ దగ్గరికే వచ్చాం.

రన్‌వే మీద బాంబు పడ్డాక ఏం చేయాలన్నది ఎజైల్ లెక్కలో సగం. 1971లో భుజ్ రన్‌వే ధ్వంసమైతే మాధాపర్ గ్రామం ఆడవాళ్లు దాదాపు 300 మంది 72 గంటల్లో సరిచేశారు. ఇప్పుడు 72 గంటలు ఎవరూ ఇవ్వరు. పని వరస ఇలా ఉంటుంది. మొదట పేలని బాంబులు వెతకాలి, ఆలస్యంగా పేలేవి కావాలనే వేస్తారు. తర్వాత గుంతలన్నీ మ్యాపు మీద గుర్తించి, మొత్తం రన్‌వే బాగుచేసే ఆశ వదిలేసి, అన్నిటికన్నా తక్కువ గుంతలున్న 1,500 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు పట్టీ ఒకటి ఎంచుకోవాలి. గుంత చుట్టూ కాంక్రీట్ పైకి ఉబ్బి ఉంటుంది. చూడటానికి గుంత ఐదు మీటర్లే, ఉబ్బిన పెచ్చు తీస్తే పది. ఎక్కువ టైం తినేది ఈ పెచ్చు కోయడమే, కొత్తవాళ్లు లెక్క తప్పేది ఇక్కడే. తర్వాత బురద తీసి, పెద్ద రాయి, దాని మీద సన్న కంకర పొరలు పొరలుగా వేసి, ప్రతి పొర రోలర్‌తో తొక్కించాలి. పైన త్వరగా గట్టిపడే కాంక్రీట్, లేదంటే మడతపెట్టిన ఫైబర్‌గ్లాస్ చాప పరిచి అంచులు బోల్టులతో బిగించాలి. తొక్కించడంలో బద్ధకిస్తే నాలుగో టేకాఫ్‌కు మధ్యలో కుంగుతుంది, చాప అంచు లేస్తుంది, ముందు చక్రం విరుగుతుంది.

ఈ ఒక్క విషయంలో ఉత్తర తెలంగాణకు లోటు లేదు. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీలు, అడుగడుగునా క్రషర్లు, టిప్పర్లు, జేసీబీలు, వాటిని నడిపే కుర్రాళ్లు. 40 ఎంఎం, 20 ఎంఎం మెటల్ ఫోన్ కొడితే వస్తుంది. జాగ్రత్తపడాల్సింది మట్టి దగ్గర. నల్లరేగడి ఉన్నచోట గుంతలో అదే మట్టి తిరిగి నింపితే వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. మొరం వేయాలి, నల్లమట్టి పూర్తిగా ఎత్తిపోయాలి. రాయి, మొరం కుప్పలు రన్‌వే పక్కన ముందే పోసి ఉండాలి. యుద్ధం రోజు టెండర్ పిలవలేం.

ఇంకో ఖర్చు: కాపలా. ఒక బేస్‌లో ఉన్న విమానాలను ఐదు చోట్లకు పంచితే, శత్రు విమానాలను కూల్చే ఒక మిసైల్ బ్యాటరీ ఐదు చోట్ల నిలబడలేదు. దొరికేది డ్రోన్లను పడగొట్టే తుపాకులు, జామర్లు, మోసగించే నకిలీ విమానాలు. గాలి నింపిన రబ్బరు విమానం, పక్కన వేడి పుట్టించే చిన్న హీటర్ చాలా చవక, శత్రువు మిసైల్ చాలా ఖరీదు. ఇలాంటి వాటి మీద మనవాళ్లు పెట్టే శ్రద్ధ పరేడ్ మైదానం సున్నానికి పెట్టే శ్రద్ధకన్నా ఎక్కువుండాలని నా కోరిక. ఫోన్ లైన్ తెగితే ఆ చిన్న రన్‌వే దగ్గరున్న వింగ్ కమాండర్ సొంతంగా విమానాలు లేపే అధికారం కూడా ముందే రాసి ఇచ్చి ఉండాలి. పైనుంచి ఆర్డర్ కోసం ఎదురుచూసే దళం ఎన్ని రన్‌వేలున్నా ఒకే బేస్ కింద లెక్క.

ఎక్స్‌పెడిషనరీ గురించి తక్కువ మాటల్లో. రవాణా విమానాల విషయంలో మనం ఆ పని ఏనాడో చేశాం. 1947 అక్టోబర్ 27న డకోటాలు శ్రీనగర్‌లో సైన్యాన్ని దించాయి. 1988 నవంబర్ 3 రాత్రి ఆగ్రా నుంచి లేచిన ఐఎల్-76లు 2,000 కిలోమీటర్లు దాటి మాల్దీవుల హుల్‌హులేలో దిగాయి. 2023 ఏప్రిల్ 27 రాత్రి సూడాన్‌లో వాదీ సయ్యద్‌నా అనే పాడుపడ్డ రన్‌వే మీద, లైట్లు లేవు, ఇంధనం లేదు, దారి చూపే పరికరం లేదు, సీ-130జె నైట్ విజన్ గాగుల్స్‌తో దిగి 121 మందిని తెచ్చింది. ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఫైటర్ల విషయం వేరు. 1982లో బ్రిటన్ అసెన్షన్ దీవి నుంచి ఫాక్లాండ్స్ మీదికి ఒక్క వల్కన్ బాంబర్‌ను పంపడానికి గాల్లోనే ఇంధనం అందించే 11 విక్టర్ ట్యాంకర్ విమానాలను లేపింది. దారి పొడుగునా ఒకదాని నుంచి ఒకటి ఇంధనం అందుకుంటూ పోయాయి. 21 బాంబులు వేస్తే రన్‌వేకు తగిలింది ఒక్కటి. మనకున్న ఐఎల్-78 ట్యాంకర్లు మొత్తం ఆరు, వాటిలో ఏ రోజైనా కొన్ని మరమ్మతులో ఉంటాయి. అలాస్కాలో రెడ్ ఫ్లాగ్‌కు, డార్విన్‌లో పిచ్ బ్లాక్‌కు, అంటే వేరే దేశాలతో కలిసి చేసే విన్యాసాలకు, మన ఫైటర్లు వెళ్లొచ్చాయి నిజమే. కానీ అవి నెలల ముందు పర్మిషన్లు, దారిలో స్నేహదేశాల రన్‌వేలు, వాళ్ల ఇంధనం, వాళ్ల క్యాంటీన్ ఉన్న ప్రయాణాలు. పెళ్లికి పోయినట్టు. ఆరు ట్యాంకర్లు, 29 స్క్వాడ్రన్లతో దూరదేశంలో యుద్ధం నడపడం మన వల్ల కాదు, మన అవసరమూ కాదు. ఆ డబ్బు బౌజర్లకు, చాపలకు, ఫిట్టర్ల రెండో ట్రేడు శిక్షణకు, తేజస్ స్పేర్లకు పెడితే మేలు.

తిరిగి మామునూరుకు. నిజాం హయాంలో 1930 ప్రాంతంలో కట్టిన రన్‌వే అది. 1962 చైనా యుద్ధంలో ఢిల్లీ విమానాలకు ఇక్కడ చోటిచ్చారని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే నిజమైతే చెదరగొట్టే ఆలోచన ఈ నేలకు కొత్త కాదు. ఫైటర్ స్క్వాడ్రన్ ఇక్కడ పెట్టాలని నేననను, సరిహద్దుకు దూరం ఎక్కువ. కానీ ట్యాంకర్లు, రాడార్ విమానాలు, సీ-130జెలు ముందు వరస నుంచి తప్పుకుని రెండు రాత్రులు ఆగడానికి ఇంతకన్నా అనువైన చోటు దక్కన్‌లో ఎక్కువ లేవు.

పొడిగింపు పనుల్లోనే కొన్ని చేర్చితే తక్కువలో పోతుంది, తర్వాతైతే మూడింతలు అవుతుంది. రన్‌వే రెండు చివర్లా కాంక్రీట్ పలకలు. టెర్మినల్‌కు ఆనకుండా ఇంకో పక్కన నాలుగు పెద్ద విమానాలకు సరిపడా ఏప్రాన్, ఒకదానికొకటి దూరంగా. భూమిలో రెండు లక్షల లీటర్ల ట్యాంకు ఒకటి, ఫిల్టర్ పంపుతో, అంటే ఆ నాలుగు సుఖోయ్‌లకు రెండు రోజుల దాణా. సరిహద్దు గోడ పక్కన మొరం కుప్ప, 40 ఎంఎం కుప్ప, వాటి దగ్గరికి రోలర్ పోయేంత దారి. తాళం వేసిన ఒక షెడ్డు: అందులో ఫైబర్‌గ్లాస్ చాపలు, ఒక గ్రౌండ్ పవర్ యూనిట్, బ్యాటరీతో వెలిగే రన్‌వే లైట్లు రెండు వందలు. ఆ లైట్ల బ్యాటరీలు ఆరు నెలలకోసారి ఛార్జ్ చేసే మనిషి పేరు షెడ్డు తలుపు మీద రాసి ఉండాలి.